కాలి ఎముక దవడ కెక్కిన వైనం

దవడ అనేది ఒకటి వున్నదని మనకు గుర్తువచ్చే సందర్భాలు బహు స్వల్పం. పన్ను సలిపినప్పుడు ఒకసారి, చిన్నతనంలో మేష్టారు చెంప వాయించినప్పుడు మరొకసారి, పెళ్ళివిందులో అప్పడం కొరికినప్పుడు ఇంకొకసారి. తతిమ్మా కాలమంతా అది తన పని తాను చేసుకుపోతూ వుంటుంది. చెవి లోపలి చిట్టి ఎముకల మాట విడిచిపెడితే, తలలో ఎముకలన్నీ ఒకదానికొకటి అతుక్కుని కదలక కూర్చున్నవే. కింది దవడ ఒక్కటే పొద్దస్తమానం ఆడుతూ వుంటుంది.

అన్నం నమలటం దాని పని అని ఎవరైనా చెబుతారు. కాని నాలుకను వెనక్కి జారిపోకుండా ముందుకు పట్టి వుంచేది కూడా అదే. చొంగ కారకుండా పెదవికి దన్నుగా నిలిచేదీ అదే. మాట సంగతి సరేసరి. ప, ఫ, బ, భ, మ అనే అక్షరాలను మా తెలుగు మేష్టర్లు ఓష్ఠ్యాలంటారు. రెండు పెదవులూ కలిస్తే గాని ఇవి పలకవు. పెదవులు కలవాలంటే వాటి వెనకాల దవడ వుండాలి. ఈ చివరి సంగతి వ్యాకరణ గ్రంథాలలో వుండదు. నాకు దాన్ని నేర్పినవారు మా హైస్కూలు తెలుగు మేష్టారు.

ఆయన ఎడమ బుగ్గలో ఎప్పుడూ జర్దా కిళ్ళీ వుండేది. పద్యం చదవబోయే ముందు కిటికీ దగ్గరికి వెళ్ళి ఉమ్మివచ్చి, గొంతు సవరించుకుని ఎత్తుకునేవారు. 1996లో ఆ బుగ్గలోనే పుండు లేచింది. ఆపరేషను చేసి ఎడమవైపు కింది దవడ సగం తీసివేశారు. ప్రాణం దక్కింది. అయితే ఖాళీ అయిన చోట మళ్ళీ ఏమీ పెట్టలేదు. మిగిలిన సగం దవడ ఆధారం లేక ఒక పక్కకు లాగుకుపోయింది. పైపళ్ళకూ కిందిపళ్ళకూ పొత్తు లేకుండా పోయింది. చూడటానికి వెళ్ళిన నాకు పలక మీద రాసి చూపించారు: "ఒరే, పవర్గం నన్ను విడిచి వెళ్ళిపోయిందిరా." ఆ తరవాత మరి ఏడేళ్ళు బతికారు. బతికినన్నాళ్ళూ నలుగురితో కలిసి పంక్తిలో భోజనానికి కూర్చోలేదు.

నిరుడు అదే జబ్బు నా బావమరిదికి వచ్చింది. ఈ మధ్య కాలంలో వైద్యం ఎంత దూరం నడిచిందో అతని పక్కనుండి చూశాను. చూసినదీ, చూశాక చదివి తెలుసుకున్నదీ పాఠకులతో చెప్పుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాను.

రాచపుండు

కాన్సరును మన పెద్దలు రాచపుండు అన్నారు. నోటి రాచపుండు మన దేశానికి పెద్ద బెడద. అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల 89 వేలమందికి పెదవులలోనో, నోటిలోనో కొత్తగా కాన్సరు కనిపిస్తే, వారిలో సుమారు 1 లక్షా 43 వేలమంది మనవాళ్ళే. అంటే మూడోవంతు కంటె ఎక్కువ. ఈ విషయంలో మనకు అగ్రాసనం దక్కటం సంతోషించవలసిన సంగతి కాదు.

కారణం ఏమిటో అందరికీ తెలుసు. కాల్చే పొగాకు, నమిలే పొగాకు, గుట్కాగా చేసి బుగ్గన దాచే పొగాకు. "పొగాకు మానేశానండీ, వట్టి వక్కపొడే" అని గర్వంగా చెప్పుకునేవాళ్ళు వున్నారు. వక్క ఒక్కటే చాలు, కాన్సరు తెచ్చేందుకు దానికి పొగాకు సహాయం అక్కర్లేదని పై సంస్థవారే 2004లో తేల్చారు. వక్క అదేపనిగా నమిలేవాళ్ళకు బుగ్గ లోపలి పొర తోలులాగ బిగుసుకుపోతుంది. మూడు వేళ్ళు నిలువునా పట్టవలసిన నోటిలో ఒక వేలు పట్టటం కష్టమవుతుంది. అది ముందు హెచ్చరిక.

ఇక మన ఉత్తరాంధ్రకు ప్రత్యేకమైన అలవాటు ఒకటి వుంది. దాన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలలో ముఖ్యంగా ఆడవాళ్ళు చుట్ట వెలిగించి, నిప్పు వున్న కొసను నోటిలోపల పెట్టుకుని పొగ పీలుస్తారు. వేడి అంతా పోయి అంగిలికి తగులుతుంది. 1960ల నుంచీ డాక్టర్లు అక్కడి పల్లెలకు వెళ్ళి వేలమంది నోళ్ళు పరీక్షించి చూశారు. గట్టి అంగిలికి కాన్సరు రావటం లోకంలో అరుదైన విషయం. అడ్డపొగ వున్నచోట మాత్రం అది అరుదు కాదని తేలింది.

అంగిటి కాన్సరు పడినవారిలో లోకప్రసిద్ధుడు ఒకాయన వున్నాడు. మనస్తత్వ శాస్త్రానికి కొత్తదారి వేసిన సిగ్మండ్ ఫ్రాయిడ్. ఆయనకు చుట్టలంటే ప్రాణం. 1923లో నోటిలో పుండు కనిపించింది. ఆ సంవత్సరం అక్టోబరులో వియన్నా నగరంలో హాన్స్ పిష్లర్ అనే శస్త్రవైద్యుడు ఆయన పైదవడలోనూ అంగిటిలోనూ కొంతభాగం కోసి తీసివేశాడు. నోటికీ ముక్కుకూ మధ్య గోడ పోయింది. ఆ రంధ్రాన్ని పూడ్చటానికి పెద్ద కట్టుడుదవడ ఒకటి తయారుచేసి బిగించారు. దాన్ని పెట్టుకుంటే నొప్పి, తీస్తే మాట రాదు. ఆ వస్తువును ఆయన ఇంట్లో "రాక్షసి" అని పిలుచుకునేవారట. పదహారేళ్ళలో ముప్ఫైకి పైగా ఆపరేషన్లు జరిగాయి. 1939లో లండనులో కన్నుమూశాడు. మనుషుల మనస్సులలో మూలమూలలూ వెతికిన అంతటివాడు తన చుట్టను మాత్రం వదులుకోలేకపోయాడు!

కింది దవడ ముందుభాగం, అంటే గడ్డం దగ్గరి వంపు తీసివేస్తే పరిస్థితి మరీ అధ్వాన్నం. కింది పెదవి లోపలికి పోయి, ముఖం తిన్నగా మెడలోకి దిగిపోయినట్టు కనిపిస్తుంది. నాలుక పట్టుతప్పి వెనక్కి జారి ఊపిరికి అడ్డుపడుతుంది. 1917లో అమెరికాలో సిడ్నీ స్మిత్ అనే చిత్రకారుడు ఒక దినపత్రికలో బొమ్మలకథ మొదలుపెట్టాడు. అందులో ఆండీ గంప్ అనే పాత్రకు గడ్డమే లేదు. పాఠకులు చూసి నవ్వుకునేవారు. దవడ పోయినవాళ్ళ ముఖవికారానికి డాక్టర్లు ఆ పేరే పెట్టుకున్నారు. బొమ్మను చూసి నవ్వవచ్చు. అద్దంలో తన ముఖమే అలా కనిపించిన మనిషి సంగతి వేరు.

పూనాలో ముక్కు

పోయిన అవయవాన్ని మళ్ళీ కట్టే విద్య మనకు కొత్తది కాదు. శరీరంలో మరో చోటి చర్మంతో ముక్కు చెయ్యటం సుశ్రుతుని నాటి నుంచీ వున్నదే. 1794 అక్టోబరులో లండనులోని "జెంటిల్మన్స్ మేగజైన్" అనే పత్రికలో ఒక ఉత్తరమూ, ఒక బొమ్మా అచ్చు పడ్డాయి. కావస్జీ అనే అతను ఇంగ్లీషు సేనకు ఎడ్లు తోలేవాడు. 1792 యుద్ధంలో టిప్పు సుల్తాను సేనకు చిక్కితే, వాళ్ళు అతని ముక్కూ, ఒక చెయ్యీ తెగగొట్టారు. ఏడాదిపాటు ముక్కు లేకుండా తిరిగి, చివరకు పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకనిచేత కొత్త ముక్కు పెట్టించుకున్నాడు.

అతను చేసిన పద్ధతి చూడండి. ముందుగా పల్చని మైనపు రేకు తీసుకుని, ముఖం మీద ముక్కు ఆకారంలో వంచి, ఒప్పుగా వుందో లేదో చూశాడు. తరవాత ఆ రేకును చదునుచేసి నుదుటి మీద పరిచి, దాని అంచు వెంబడి గీత గీశాడు. ఆ గీత వెంట చర్మం కోసి కిందికి తిప్పి ముక్కుగా అతికాడు. అయితే కనుబొమల మధ్య కొంచెం చర్మం తెంచకుండా వుంచాడు. ఆ దారిన రక్తం వస్తూ వుంటేనే కొత్త ముక్కు చచ్చిపోకుండా బతుకుతుంది.

ఇందులో రెండు సూత్రాలు వున్నాయి. ప్రాణమున్న శరీరం మీద కత్తి పెట్టేముందు ప్రాణంలేని దాంతో ఆకృతి సరిచూసుకోవటం మొదటిది. తెచ్చిపెట్టిన భాగానికి రక్తం అందేటట్టు చూడటం రెండోది. ఇప్పుడు మనం చెప్పుకోబోయే సంగతంతా ఈ రెండు సూత్రాల విస్తరణే.

సన్నపు ఎముక

చర్మాన్ని నుదుటి నుంచి ముక్కు మీదికి తిప్పటం ఒక ఎత్తు. ఎముకను తేవటం మరొక ఎత్తు. వట్టి ఎముకముక్కను తెచ్చి దవడలో ఇరికిస్తే, అందులోనూ కాన్సరుకు రేడియేషను పట్టించే చోట ఇరికిస్తే, రక్తం లేక అది ఎండుకట్టె అవుతుంది. వట్టి లోహపు పట్టీ ఒక్కటే వేస్తే కొన్నాళ్ళకు చర్మం చీల్చుకుని బయటికి రావచ్చు, లేదా విరగవచ్చు. కావలసినది రక్తం ప్రవహించే ఎముక.

1975లో ఆస్ట్రేలియాకు చెందిన ఇయాన్ టేలర్ అనే శస్త్రవైద్యుడూ, అతని సహచరులూ కాలిలోని సన్నపు ఎముకను దాని రక్తనాళాలతో సహా తీసి, రెండో కాలిలో ఎముక లోటుపడిన చోట పెట్టి, అక్కడి రక్తనాళాలకు కలిపి కుట్టిన సంగతి ప్రకటించారు. 1989లో న్యూయార్కులో డేవిడ్ హిడాల్గో అనే ఆయన ఆ ఎముకతోనే పన్నెండుమందికి కింది దవడ కట్టిన సంగతి లోకానికి తెలియజేశాడు.

ఆ ఎముకే ఎందుకంటారా? మోకాలికింద మనకు రెండు ఎముకలు వున్నాయి. ముందున్న లావుపాటిది ఒంటిబరువు దాదాపు అంతా మోస్తుంది. వెలుపలి పక్కన వున్న సన్నపుది, ఉమ్మడి కుటుంబంలో పెద్ద పని పెట్టుకోని తమ్ముడిలాగ, పక్కన నిలబడి వుంటుంది. మోకాలి దగ్గరా, చీలమండ దగ్గరా ఆరేడు సెంటీమీటర్ల చొప్పున వదిలిపెట్టి మధ్యలోది తీసుకుంటే మనిషి నడకకు పెద్ద లోటు రాదు. అందులో 20 సెంటీమీటర్లకు పైగా దొరుకుతుంది. దవడకు అది చాలు. దాని వెంట నడిచే ధమని వుంది. పైన వున్న చర్మం కొంత కలిపి తీసుకుంటే నోటి లోపలి ఖాళీకి ఆచ్ఛాదన అవుతుంది. తరవాత కట్టుడుపళ్ళు బిగించే మరలకు చాలినంత మందం కూడా వుంది.

అన్నీ బాగానే వున్నాయి. చిక్కల్లా ఒక్కటే. కాలి ఎముక కర్రలాగ తిన్ననిది, దవడ గుర్రపు నాడా మాదిరి వంపు తిరిగింది. కర్రను నాడాగా మార్చాలంటే అక్కడక్కడ చీలికలు కోసి ముక్కలు చేసి, కోణాలు కలిపి పేర్చాలి. ఎన్ని ముక్కలు? ఏ కోణంలో? ఎంత పొడవు? చాలా ఏళ్ళపాటు ఇదంతా ఆపరేషను బల్ల దగ్గర డాక్టరు కంటి అంచనాతోనే జరిగింది. రక్తనాళం తెంచిన క్షణం నుంచీ ఎముక ఆకలితో వుంటుంది. గడియారం నడుస్తూ వుంటుంది. ఆ తొందరలో ఒక కోత కొద్ది డిగ్రీలు పక్కకు పోతే పళ్ళ వరస కలవదు, గడ్డం వంకర తిరుగుతుంది. చెయ్యి తిరిగిన మహానుభావులు అలాగే అద్భుతాలు చేశారు. కాని అందరి చేతులూ ఒక్కలాగ వుండవు గదా!

అచ్చు

ఇక్కడే త్రీడీ ప్రింటింగు అనే కొత్త విద్య అక్కరకు వచ్చింది. ఇంగ్లీషులో ప్రింటింగు అంటే కాగితం మీద అక్షరాలు గుర్తువచ్చి, ముద్రించటానికీ దవడకూ ఏమిటి సంబంధం అనిపిస్తుంది. తెలుగులో ఆ యిబ్బంది లేదు. మనకు అచ్చు అంటే పుస్తకం అచ్చువెయ్యటమూ అవుతుంది, గులాబీపువ్వుల పిండివంట చేసే ఇనుప మూసా అవుతుంది. తండ్రి పోలికే వచ్చిన పిల్లవాణ్ణి చూసి "అచ్చు గుద్దినట్టున్నాడు" అంటాము. ఈ మూడర్థాలూ కలిసినదే ఈ యంత్రం చేసే పని.

అమెరికాలో చార్లెస్ హల్ అనే ఇంజనీరు అతినీలలోహిత దీపాలు తయారుచేసే సంస్థలో పనిచేసేవాడు. ఆ కాంతి తగిలితే గట్టిపడే జిగురు ఒకటి బల్లలకు పూతగా వాడేవారు. జిగురును కాంతితో పొరగా గట్టిపరిచి, దాని మీద మరో పొర, దాని మీద మరో పొర వేసుకుంటూ పోతే వస్తువే తయారవుతుంది గదా అని ఆయనకు తోచింది. 1983లో ఆ విధంగా చిన్న కప్పు ఒకటి చేసి చూశాడు. 1984లో పేటెంటుకు దరఖాస్తు పెడితే 1986లో మంజూరయింది. ఆ తరవాత జిగురుతోనే కాదు, నైలాను పొడితోనూ, టైటానియం లోహపు పొడిని లేసరుతో కరిగించీ వస్తువులు చెయ్యటం వచ్చింది. అట్ల దొంతర పేర్చినట్టు ఒక్కొక్క పొరే పేర్చటం, అంతే.

ఏ వస్తువు చెయ్యాలో యంత్రానికి తెలియాలి గదా? దానికి మరో విద్య తోడయింది. 1971లో ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు కనిపెట్టిన యంత్రంతో మొదటి రోగి తలను ఎక్స్-రేలతో అడ్డంగా ముక్కలు కోసినట్టు ఫొటోలు తీశారు. అదే ఇప్పుడు ఊరూరా చెప్పుకునే సీటీ స్కాను. దానికి ఆయనకూ, ఆలన్ కార్మాకుకూ 1979లో నోబెల్ బహుమానం వచ్చింది. స్కాను తలను పొరలుగా విడదీస్తుంది. అచ్చుయంత్రం ఆ పొరలను మళ్ళీ పేర్చి తలను చేతికిస్తుంది. ఈ యిద్దరూ ఒకరికోసం ఒకరు పుట్టినట్టు లేరూ?

నా చేతిలో బావమరిది దవడ

నా బావమరిదికి లారీల వ్యాపారం. రాత్రిళ్ళు నిద్రపట్టకుండా వుండటానికని గుట్కా మొదలుపెట్టాడు. కుడివైపు కింది చిగుట్లో పన్ను కదిలితే పీకించుకున్నాడు. రెండు నెలలయినా ఆ గుంట మానలేదు. "పన్ను పీకితే మానదూ బావా, నిమ్మళంగా మానుతుందిలే" అన్నాడు. మానలేదు. ముక్క తీసి పరీక్షిస్తే కాన్సరని తేలింది. అప్పటికే ఎముకలోకి దిగింది.

ఆస్పత్రిలో డాక్టరుగారు మమ్మల్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. బావమరిది పుర్రె అందులో గిరగిర తిరిగింది. పుండు వున్న భాగం చుట్టూ సెంటీమీటరుకు తక్కువ కాకుండా హద్దు విడిచి గీత గీశారు. ఆ ముక్క తీసేశారు, తెరమీదే సుమండీ. తరవాత జబ్బులేని ఎడమవైపు దవడను అద్దంలో చూపినట్టు కుడివైపుకు తిప్పి, ఒకప్పుడు అక్కడ వుండిన ఆకారం రాబట్టారు. కాలి స్కానులోంచి సన్నపు ఎముకను తెచ్చి ఆ ఆకారంలో పరిచి, ఎక్కడ విరవాలో, ఏ కోణంలో కొయ్యాలో లెక్క కట్టారు. అంతా కలిపి రెండు గంటలు పట్టింది. చేసిన తప్పు దిద్దుకోవటానికి ఆ రెండు గంటల్లో అవకాశం వుంది. బల్ల మీద వుండదు.

మూడోనాడు వెళ్ళేటప్పటికి తెల్లటి ప్లాస్టిక్కు దవడ ఒకటి నా చేతిలో పెట్టారు. బావమరిది దాన్ని తీసుకుని అటూయిటూ తిప్పాడు. చిగుటి దగ్గర పురుగు తొలిచినట్టు గొయ్యి వుంది. అతను ఆ గొయ్యిలో వేలు పెట్టి చూశాడు.

"ఇది నాదేనా బావా?"

"నీదేరా."

"ఇంత చిన్నదా!" అన్నాడు. మరి మాట్లాడలేదు.

ఆ మాదిరి దవడతో పాటు మరి రెండు వస్తువులు అచ్చువేశారు. ఒకటి దవడకు తొడిగేది, రెండోది కాలి ఎముకకు తొడిగేది. వాటిలో రంపం పట్టేంత సందులు వున్నాయి. దర్జీవాడు కాగితం కత్తిరించి గుడ్డమీద పరిచినట్టు, వాటిని ఎముకకు బిగించి ఆ సందుల్లోంచి కోస్తే కోత అనుకున్నచోటే, అనుకున్న వాలులోనే పడుతుంది. దవడను పట్టి వుంచే టైటానియం పట్టీని కూడా మాదిరి దవడమీద ముందురోజే వంచి సిద్ధం చేశారు. కావాలంటే ఆ పట్టీనే రోగి కొలతలకు అచ్చువేయించవచ్చు. దానికి ఖర్చు బాగా ఎక్కువ.

ఆపరేషను పొద్దున ఎనిమిదికి మొదలయి చీకటిపడ్డాక ముగిసింది. ఒక జట్టు దవడా, మెడలో గ్రంథులూ తీస్తూంటే, రెండో జట్టు కాలి దగ్గర పని చేసింది. రక్తనాళం తెంచకముందే, కాలిమీద వుండగానే, ఎముకను కోసి దవడ ఆకారానికి తెచ్చారు. ఆ తరవాతే తెంచి పైకి తెచ్చి, రెండు మూడు మిల్లీమీటర్ల లావున్న ధమనిని మెడలోని ధమనికి సూక్ష్మదర్శిని కింద, వెంట్రుక కంటె సన్నని దారంతో కుట్టారు. అనుభవంవున్న చోట్ల ఇటువంటి అతుకులు నూటికి తొంభై అయిదుకు పైగా నిలుస్తాయి. అయినా మొదటి మూడు నాలుగు రోజులు నర్సులు గంటగంటకూ వచ్చి నోటిలోని కొత్తచర్మం రంగు చూసి వెళుతూంటే, బయట కూర్చున్న మాకు ఆ అయిదు కోసమే భయం.

ఊపిరికోసం గొంతులో పెట్టిన గొట్టం తీసినరోజున అతని నోటివెంట వచ్చిన మొదటి మాట "బావా" అని. ముద్దగా వచ్చింది. కాని రెండు పెదవులూ కలిశాయి. నాకు మా మేష్టారి పలక కళ్ళముందు కదిలింది.

లోహపు దవడ

ఇంత శ్రమ ఎందుకు, ఏకంగా దవడనే అచ్చువేసి బిగించకూడదా అని పాఠకులకు సందేహం రావచ్చు. ఆ పనీ జరిగింది. 2011 జూనులో నెదర్లాండ్సులో 83 ఏళ్ళ వృద్ధురాలికి టైటానియం పొడితో అచ్చువేసిన కింది దవడ పూర్తిగా అమర్చారు. బెల్జియంలో తయారయింది. ఒక మిల్లీమీటరు ఎత్తుకు 33 పొరలు. బరువు 107 గ్రాములు, సొంత దవడ కంటె సుమారు మూడోవంతు ఎక్కువ. ఆపరేషను నాలుగు గంటల్లో అయింది. మర్నాటికల్లా ఆమె మాట్లాడగలిగింది, మింగగలిగింది.

అయితే ఆమెది కాన్సరు కాదు, ఎముకకు పట్టిన చీము. కాన్సరు రోగి సంగతి వేరు. ఎముకతోపాటు చర్మమూ, కండా కూడా పోతాయి. తరవాత రేడియేషను వుంటుంది. చచ్చిన లోహం గాయాన్ని మానిపించలేదు. రక్తమున్న ఎముకైతే మిగిలిన దవడతో అతుక్కుని ఏకమవుతుంది. అందుకే చాలామందికి అచ్చువేసేది దవడను కాదు; దవడ ఎలా కొయ్యాలో చెప్పే కొలబద్దను. యంత్రం దారి చూపుతుంది, బతికించేది మాత్రం కాలిలోంచి వచ్చిన రక్తనాళమే.

హద్దులు

గొప్ప చెప్పినవాడు హద్దులు కూడా చెప్పాలి. ఈ విద్య కాన్సరును నయం చెయ్యదు. పుండు పూర్తిగా తీయటం, ఆపైన రేడియేషను, ఏళ్ళ తరబడి పరీక్షలు, వీటిలో ఏదీ తప్పదు. పుండు మన అచ్చు తయారయ్యేదాకా ఆగి కూర్చోదు. స్కానుకూ ఆపరేషనుకూ మధ్య వారాలు గడిస్తే అది హద్దు దాటవచ్చు. అప్పుడు అచ్చువేసిన కొలబద్ద పక్కన పెట్టి, పూర్వపు పద్ధతిలో కంటి అంచనాతోనే కొయ్యాలి. అందుచేత చెయ్యి తిరిగిన డాక్టరు అవసరం తీరిపోలేదు.

దవడ ఎముక లోపలినుంచి కింది పెదవికి నరం ఒకటి వస్తుంది. ఎముకతోపాటు అదీ పోతుంది. నా బావమరిదికి కుడివైపు పెదవి మొద్దుబారిపోయింది. మజ్జిగ కారినా తెలియదు. అతని భార్య, వరసకు నాకు చెల్లెలు, ఎదురుగా కూర్చుని తన గడ్డం తాకి చూపిస్తుంది. అతను తువ్వాలుతో తుడుచుకుంటాడు. ఇంట్లో ఎవరూ దాన్ని గురించి మాట్లాడరు. పళ్ళు ఇంకా పెట్టలేదు. మెత్తటి అన్నమే. అయినా పంక్తిలో కూర్చునే తింటున్నాడు.

అన్నిటికంటె పెద్ద హద్దు దూరం. న్యూయార్కు సంగతి 1989లోనే అచ్చయింది. 1996లో మా మేష్టారికి అది అందలేదు. ఆయన్ని ఆపరేషను చేసినవారు చేతనయినది చేసి ప్రాణం నిలిపారు. విద్య పుట్టటం వేరు, అది మన ఊరికి రావటం వేరు. ఈనాడు ప్లాస్టిక్కు మాదిరి అచ్చువెయ్యటం బ్రహ్మవిద్యేమీ కాదు. యంత్రాల ధర దిగింది, ఆస్పత్రిలోనే చేసుకోవచ్చు. కాని రక్తనాళాలు కుట్టగల చేతులూ, పది పన్నెండు గంటలు ఖాళీగా దొరికే ఆపరేషను గదీ, ఆ ఖర్చు భరించే దారీ లేకపోతే ఆ మాదిరి వట్టి బొమ్మే. పల్లెలో చుట్ట కాల్చే ముసలమ్మకు ఇదంతా ఎప్పుడు అందుతుందన్నదే అసలు ప్రశ్న.

అది అందేలోగా మన చేతిలో వున్న పని ఒకటుంది. నోటిలో పుండు రెండు మూడు వారాల్లో మానకపోయినా, తెల్లటి మచ్చగాని ఎర్రటి మచ్చగాని నిలిచిపోయినా, కారణం లేకుండా పన్ను కదిలినా, నోరు తెరుచుకోవటం తగ్గినా వెంటనే చూపించుకోవాలి. అద్దమూ దీపమూ వుంటే చాలు, దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు. పుండు ఎముక దాకా దిగకముందే దొరికితే దవడ ముక్కలు చెయ్యవలసిన అవసరం చాలామందికి రాదు.

మొన్న బావమరిది లారీ ఆఫీసుకు వెళ్ళాను. బిల్లుల పుస్తకాల మీద, కాగితాలు ఎగరకుండా, ఆ తెల్ల దవడ వుంది. కొత్తగా చేరిన క్లీనరు కుర్రవాడు బుగ్గన ఏదో దాచుకుని లోపలికి వచ్చాడు. బావమరిది కేకలు వెయ్యలేదు. దవడ తీసి అతని చేతికిచ్చి, ఆ గొయ్యి చూపించాడు.

"వేలు పెట్టి చూడరా. నాదే అది."

కుర్రవాడు బయటికి వెళ్ళి ఉమ్మివచ్చాడు.